హమీదా చెప్పిన రంగులు

గాలి, సోకు, దయ్యం అని ఎవరైనా మొదలుపెడితే నేను నెమ్మదిగా లేచి అవతలికి పోయే రకం. మా నాన్న ఏలూరులో తివాచీలకు నమూనాలు గీసేవాడు. కాగితం నిండా సన్నటి గళ్లు గీసి, గడికో ముడి చొప్పున పువ్వులూ తీగెలూ దించేవాడు. ఒక్క గడి తప్పితే పువ్వు వంకర పోతుంది. అలాంటి ఇంట్లో పెరిగినవాడికి కంటికి కనబడని వాటి మీద గురి కుదరదు. ఇప్పుడు చెప్పబోయేది జరిగాక కూడా నాకు ఆ గురి కుదరలేదు. జరిగింది మాత్రం జరిగింది. ముసలితనం వచ్చింది కాబట్టి జ్ఞాపకం ఉన్నంతవరకు ఉన్నది ఉన్నట్టు రాసి పెడుతున్నాను.

ఇది పంతొమ్మిది వందల ముప్పైల నాటి మాట. కొల్లేటి నీరు ఉప్పుటేరు మీదుగా పోయి సముద్రంలో కలిసే చోట చేపల మీద పరిశోధనకని ఒక చిన్న కేంద్రం పెట్టారు. దాన్ని నడిపే ఆఫీసరు శేషాద్రి గారని మద్రాసు వైపు మనిషి. కొల్లేటి పని మీద ఏలూరు వచ్చి, మా వీధిలో తివాచీలు చూస్తూ, నేను గీసిన ఒక నమూనా దగ్గర ఆగిపోయారు. ఆకుల ఈనెలు కూడా లెక్కపెట్టి వేశానని ఆయన కనిపెట్టారు. "చేపని కూడా ఇలా పొలుసు పొలుసూ లెక్కపెట్టి గీయగలవా?" అని అడిగారు. గీస్తానన్నాను. నెల తిరక్కుండా ఉద్యోగం వచ్చింది.

అప్పటికి నాకు పెళ్లై ఏడాది. నా భార్య పేరు హమీదా. వాళ్ల నాన్న ఉన్నికి రంగులు అద్దేవాడు. బజారు రంగు పొడులు అప్పటికే వచ్చేశాయి. ఆయన మాత్రం దానిమ్మ తొక్క, లక్క, నీలి వదల్లేదు. ఆ రంగు కాగుల మధ్య పెరిగిన పిల్ల హమీదా. ఒక రంగు ఒక్కసారి చూస్తే చాలు, పది రోజుల తరవాత కూడా అదే ఛాయ వెతికి చేతిలో పెట్టేది. మా అత్తగారు ప్రయాణం వద్దంది. "ఉప్పునీళ్ల మధ్య పిల్లని పెడతావా నాయనా? మంచినీళ్లు దొరుకుతాయో లేదో కూడా తెలీదంటున్నావు" అని బతిమాలింది. నేను వినలేదు. సర్కారు ఉద్యోగం అని మురిసిపోయాను. ఆ మాట వినకపోవడం ఒక్కటి ఇప్పటికీ నాకు నిద్ర పట్టనివ్వదు.

చలికాలంలో బయల్దేరాం. కొల్లేటి ఒడ్డు దాకా బండి, అక్కణ్ణుంచి పడవ. నీటి మీద గూడబాతులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. హమీదా బురఖా ముసుగు పక్కకి తీసి వాటినే చూస్తూ కూర్చుంది. ఉప్పుటేట్లోకి వచ్చాక నీటి రంగు మారిందని నాకంటే ముందు ఆమే చెప్పింది. రెండో రోజు మధ్యాహ్నం సముద్రం హోరు వినిపించింది. మేమిద్దరం సముద్రాన్ని చూడడం అదే మొదలు.

కేంద్రం అంటే పెద్ద మేడలేమీ కావు. సీసాలూ బల్లలూ ఉన్న ఒక పొడుగాటి పెంకుటిల్లు, దాని వెనక ఆఫీసరు గారి గది, కొంచెం దూరంలో మాలాంటి వాళ్లకి అయిదు తాటాకు ఇళ్లు. గుమాస్తా, సీసాలు చూసుకునే అతను, ఇద్దరు పడవవాళ్లు, నేను. అందరమూ ఏదో ఒక ఊరి నుంచి వచ్చి పడినవాళ్లమే. ఇసక అన్నంలో పడేది. అగ్గిపుల్ల గియ్యబోతే తడిసి మెత్తబడి ఉండేది. గోడల మీద ఉప్పు పేరుకునేది. మంచినీళ్లు పైనుంచి పడవలో వచ్చేవి, ఇంటికి రెండు కుండలు. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు తోమడం, ఆ నీళ్లు మళ్లీ మునగ మొక్కకు పోయడం హమీదా వారం రోజుల్లో నేర్చేసుకుంది.

పక్కింట్లో గుమాస్తా గారి భార్య సుబ్బలక్ష్మి గారు. తాడేపల్లిగూడెం ఆవిడ. చేపల వాసనకి ముక్కు మూసుకుని తిరిగేది, మొదట్లో మా గుమ్మం వైపు వచ్చేది కాదు. ఒకరోజు వాళ్ల కుండ పగిలి నీళ్లన్నీ పోతే హమీదా మా రెండో కుండ తీసికెళ్లి వాళ్ల గుమ్మంలో పెట్టి వచ్చేసింది. ఆవిడ ముట్టుకుంటుందా అని నేను అనుమానపడ్డాను. సాయంత్రం కుండ కడిగి తెచ్చి, "ఏవండీ హమీదా గారూ, మీ కుండండీ" అంది. ఆ తరవాత ఇద్దరూ మధ్యాహ్నాలు పెంకుటింటి నీడన కూర్చుని కబుర్లు చెప్పుకునేవారు.

నా పనిలో ఒక చిక్కు ఉంది. చేప నీటిలోంచి బయటికొస్తే దాని రంగు నిలవదు. బల్ల మీదికి చేరేసరికి సగం పోతుంది, నేను కుంచె తడిపేసరికి మిగతా సగం పోతుంది. మొదటి నెల నేను వేసినవన్నీ చచ్చిన చేపల్లాగే ఉన్నాయి. ఆఫీసరు గారు ఏమీ అనలేదు గాని, మెచ్చుకోనూ లేదు.

దారి చూపింది హమీదాయే. నూకాలమ్మ అనే జాలరి ఆమె రోజూ పొద్దున్నే బుట్టతో మా ఇంటి మీదుగానే కేంద్రానికి వెళ్లేది. హమీదా ఆమెను ఆపి, బుట్టలో ఇంకా కొట్టుకుంటున్న చేపల్ని ఒక్క నిమిషం చూసేది. అంతే. సాయంత్రం నేను గీత ముగించి బొమ్మ ఇంటికి తెస్తే, వెనక నిలబడి రంగులు చెప్పేది. "అది కాదండీ, దానికంటే ఒక ముంపు తక్కువ" అనేది. ఉన్నిని కాగులో ఎన్నిసార్లు ముంచితే అన్ని ముంపులు, అంత చిక్కటి రంగు. ఆమె చెప్పినట్టు వేస్తే చేపకి ప్రాణం వచ్చేది. ఆఫీసరు గారు చూసి, "నీకు రంగుల చూపు ఉంది కరీం" అన్నారు. ఆ చూపు నాది కాదని నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నేను గీసిన మొదటి చేపకి రెక్క చిరిగి ఉంటే, అలాగే చిరిగినట్టు గీశాను. ఆఫీసరు గారు నవ్వి, "మనం గీసేది ఈ ఒక్క చేపని కాదు, దాని జాతి మొత్తాన్ని. గాయం దీని సొంతం. గాయాలు వదిలెయ్" అన్నారు. అది ఇంటికొచ్చి హమీదాకు చెప్పాను. ఆమెకు ఆ మాట నచ్చలేదు. "పాపం, దాని గాయం ఎవరికీ తెలియక్కర్లేదా?" అంది.

శివరాత్రి వెళ్లి ఎండలు ముదిరే వేళకి ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. అప్పటికి ఆమెకు మూడో నెల. ఆఫీసరు గారు తన దగ్గరున్న క్వినైన్ ఇచ్చారు. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ ముంచుకొచ్చింది. నాలుగో రోజు ఏలూరు తీసికెళ్దామని పడవ సిద్ధం చేశాం. ఎదురుగాలి. పడవ మైలు కూడా సాగలేదు, ఆమె తట్టుకోలేకపోయింది. వెనక్కి తెచ్చేశాం.

ఆఫీసరు గారు నన్ను ఇంట్లోనే కూర్చుని పని చేసుకోమన్నారు. అప్పుడు నేను గీస్తున్నది ఒక చిన్న చేప. వేలెడంత ఉంటుంది. వల అడుగున బురదలో దొరికిందట. ఎవరూ తినరు కాబట్టి ఎవరూ దానికి పేరు పెట్టలేదు. అది వచ్చింది హమీదా మంచం పట్టాక. నేను చూసేసరికే చచ్చి, సీసాలో, కుళ్లకుండా పోసే మందు నీళ్లలో ఉంది. వీపూ పొట్టా అంతా ఒకటే బూడిద తెలుపు. సీసా కేంద్రంలోనే ఉంది. ఇంటికి తెచ్చింది పెన్సిలు గీత ఒక్కటే.

ఆరో రోజు పొద్దున్న హమీదాకు తెలివి వచ్చింది. సుబ్బలక్ష్మి గారు మంచం పక్కన కూర్చుని గంజి తాగిస్తోంది. హమీదా కిటికీ దగ్గర ఆనించి ఉన్న కాగితం చూసింది.

"అది ఏ చేపండీ?"

"పేరు లేదు."

"రంగు వెయ్యలేదేం?"

"వెయ్యడానికి ఏముంది? తెల్లగా ఉంది."

"తెల్లగా ఎందుకుంటుందండీ" అని కళ్లు మూసుకుంది. ఆ తరవాత మామూలుగా నా వెనక నిలబడి చెప్పినట్టే చెప్పింది. "వీపు దానిమ్మ తొక్క పసుపు. పచ్చిది కాదు, ఇనుప కాగులో మరిగి నల్లబడిన పసుపు. పొట్ట లక్క ఎరుపు, రెండో ముంపు. కంటి వెనక నుంచి తోక దాకా సన్నటి నీలం గీత."

నేను ఊ కొట్టాను. జ్వరంలో మాట్లాడుతోంది అనుకున్నాను. కాసేపు ఆగి మళ్లీ అంది. "తోక పైన అంచున కొరికేసిన దెబ్బ ఉంది. నెలవంకలా. అది మాత్రం గియ్యకండి. దెబ్బలు గియ్యకూడదన్నారుగా మీ ఆఫీసరు గారు."

సీసాలో చేపకి తోక చెక్కుచెదరకుండా ఉంది. పొలుసులతో పాటు తోక ముళ్లు కూడా లెక్కపెట్టినవాణ్ణి, నాకు బాగా తెలుసు. ఆమెతో వాదించలేదు.

మర్నాడు పొద్దెక్కాక పోయింది. ఏలూరు తీసికెళ్లడానికి వీలు లేదు. పడవలో ఉప్పుటేరు మీద పైకి వెళ్లి, మావాళ్లు నాలుగిళ్లు ఉన్న ఒక పల్లెలో మట్టి చేశాం. గొయ్యి తవ్వడానికి నూకాలమ్మ మనుషులు వచ్చారు. ఆఫీసరు గారు కూడా వచ్చి, ఎండలో గొడుగు లేకుండా దూరంగా నిలబడ్డారు.

మూడు రోజులయ్యాక నేను బల్ల దగ్గర కూర్చుని ఆ చేపకి రంగులు వేశాను. పసుపు, ఎరుపు, నీలం, ఆమె చెప్పినట్టే. దెబ్బ గియ్యలేదు. అది సరైన బొమ్మ కాదని నాకు తెలుసు. ఆమె చెప్పింది ఆఖరిసారి అని వేశాను, అంతే.

ఆఫీసరు గారు చాలాసేపు చూశారు. కోప్పడలేదు. కాగితం మూలన ఎర్ర పెన్సిలుతో "రంగులు తప్పు" అని రాసి, తేదీ వేసి, పొడి సంతకం పెట్టి సొరుగులో పెట్టేశారు. ఆయన ఏ కాగితానికైనా అలాగే చేసేవారు. "కొన్నాళ్లు ఏలూరు వెళ్లి రా" అన్నారు. వెళ్లలేదు. మా అత్తగారి మొహం చూడలేను కాబట్టి వెళ్లలేదు. ఇంకో కాగితం తీసుకుని బూడిద రంగుతో ఆ చేపని మళ్లీ వేసిచ్చాను.

ఆ ఎండాకాలం ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు. సుబ్బలక్ష్మి గారు రోజూ గుమ్మంలో ఏదో ఒకటి పెట్టి వెళ్లిపోయేది. రెండో కుండ ఖాళీగా ఉండేది.

ఆషాఢం వెళ్తూండగా పైన వానలు పడి, కొల్లేటి నుంచి ఎర్రనీరు దిగింది. సముద్రంలో కూడా చాలా దూరం ఎర్రగా కనిపించేది. ఒకరోజు పొద్దున్న తొమ్మిదింటప్పుడు నూకాలమ్మ బుట్ట లేకుండా, చంకలో చిన్న కుండతో కేంద్రానికి వచ్చింది.

"సాయిబు గారండీ, ఇదేదో సూడండి. పూసలాగా మెరుత్తంది. నా బతుకులో ఇలాంటిది సూళ్లేదండి. సచ్చిపోద్దేమోనని నీళ్లలో ఏసుకొచ్చేను" అంది.

కుండలో నీళ్లు తెల్లటి గిన్నెలో పోశాం. వేలెడంత చేప, అచ్చం సీసాలోదాని ఆకారమే. వీపు నల్లబడిన పసుపు. పొట్ట ఎరుపు. కంటి వెనక నుంచి తోక దాకా నీలం గీత.

ఆఫీసరు గారు అద్దాలు సర్దుకుని వంగి చూశారు. తరవాత లేచి వెళ్లి, సొరుగు లాగి, ఆ కాగితం తెచ్చి గిన్నె పక్కన పెట్టారు. మూలన ఆయన రాసిన ఎర్ర అక్షరాలు, తేదీ. గిన్నెకీ కాగితానికీ మధ్య ఆయన కళ్లు ఎన్నిసార్లు తిరిగాయో నేను లెక్కపెట్టలేదు. గాజు పుల్లతో చేపని మెల్లిగా పక్కకి తిప్పారు. తోక పైఅంచున చిన్న ముక్క లేదు. పాత గాయం, మానిపోయింది. నెలవంకలా ఉంది.

నేను నేల మీద కూర్చుండిపోయాను. రంగులకే అలా అయిపోయానని ఆయన అనుకున్నారు. దెబ్బ సంగతి ఆయనకు తెలీదు. అది కాగితం మీద లేదు కదా.

"ఎక్కడ చూశావు దీన్ని?" అని అడిగారు.

"నేను చూళ్లేదండీ. మా ఇంటిది చెప్పింది. ఇదొక్కటే కాదండీ, ఇన్నాళ్లూ వేసిన రంగులన్నీ ఆమె చెప్పినవే" అన్నాను. ఆరు నెలలుగా చెప్పాల్సిన మాట అలా బయటికొచ్చింది.

గంటకల్లా చేప పోయింది. మేం చూస్తూండగానే రంగులు వెనక్కి తగ్గాయి, ముందు నీలం, తరవాత ఎరుపు. దాన్ని సీసాలో వేశారు. నేను అడ్డు చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం సుబ్బలక్ష్మి గారి గుమ్మం దగ్గరికి వెళ్లాను. చేప వచ్చిన సంగతి ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పకుండా, ఆరో రోజు పొద్దున్న హమీదా ఏమందో గుర్తుందా అని మాత్రం అడిగాను. ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గుర్తు లేకపోవడమేంటండీ. ఏవో రంగులు చెప్పిందండీ, నాకు తెలియలేదు. చేప తోక మీద దెబ్బ ఉందనీ, అది గియ్యొద్దనీ అంది కదండీ. ఒళ్లు కాలిపోతూ ఉండి, చేప దెబ్బ గురించి బాధపడుతోందేంటా అనుకున్నాను" అంది.

కాబట్టి అది నేను తరవాత కల్పించుకున్నది కాదు.

ఆఫీసరు గారు పుస్తకాలు తిరగేసి, కొన్ని చేపలు గుడ్లు పెట్టే కాలంలో మాత్రమే అలాంటి రంగులు తొడుక్కుంటాయని చెప్పారు. సీసాలోది తెల్లగా ఎందుకుందో దాంతో తేలింది. హమీదాకు ఎలా తెలిసిందో తేలలేదు. ఆమె అక్కడ ఉన్నది చలికాలమూ, ఎండల మొదలూ. ఎర్రనీరు ఆమె చూడనే లేదు. ఏలూరు బజారుకు అలాంటి పనికిరాని చేప రాదు. నూకాలమ్మ నలభై ఏళ్లలో చూడలేదంది.

పసుపు, ఎరుపు, నీలం మా తివాచీల్లో అడుగడుగునా ఉండే రంగులే. జ్వరంలో ఆమెకు పుట్టిల్లు గుర్తొచ్చి, ఆ కాగులు గుర్తొచ్చి, నోటికొచ్చిన మూడు రంగులు చెప్పి ఉండొచ్చు. అవి సరిపోవడం కాకతాళీయం కావచ్చు. నాకు నేను చెప్పుకున్న వాటిలో ఇదే కొంచెం మెరుగైన సమాధానం. ఆ దెబ్బ దగ్గరికి వచ్చేసరికి అదీ ఆగిపోతుంది. ఆ దెబ్బ ఏ జాతిదీ కాదు. నీళ్లలో ఎక్కడో తిరుగుతున్న ఒకే ఒక్క చేపది.

మర్నాడు సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగా ఆఫీసరు గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మా ఇళ్ల వైపు రావడం అంతకు ముందు ఎప్పుడూ లేదు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం బయట ఇసకలో నిలబడి చెప్పులతో గీతలు గీస్తూ ఉండిపోయారు. సెలవు అడగడానికి వచ్చిన గుమాస్తాలా ఉన్నారు.

"ఆమె ఇంకేమైనా చెప్పిందా?" అన్నారు చివరికి.

"చేప గురించాండీ?"

"చేప గురించి కాదు." ఆయన సముద్రం వైపు తిరిగారు. "మాకొక కూతురు ఉండేది. ఆరేళ్లు. గొంతువాపు వచ్చి పోయింది. ఇక్కడికి రావడానికి ముందు ఏడాది. నేను ఊళ్లో లేను, వెళ్లేసరికి అంతా అయిపోయింది. పేరు కల్యాణి. ఆ పేరు గాని, ఎవరైనా ఒక చిన్నపిల్ల సంగతి గాని..."

ఆయన అన్నిటికీ కొలతబద్ద పెట్టే మనిషి. చేప కంటి అడ్డం కూడా రెండుసార్లు కొలిపించే మనిషి.

హమీదా ఆఖరి రెండు రోజుల్లో అన్న ప్రతి మాటా నాకు తెలుసు. వాళ్ల అమ్మని అడిగింది. నీళ్లు అడిగింది. చేప సంగతి చెప్పింది. ఇంకేమీ లేదు.

"లేదండీ" అన్నాను.

ఆయన తల ఊపారు. మంచినీళ్లు ఇవ్వగలవా అని అడిగారు. లోపలి నుంచి గ్లాసుతో తెచ్చిచ్చాను. అక్కడే నిలబడి పూర్తిగా తాగి, గ్లాసు నా చేతికిచ్చి, ఇసకలో తన గది వైపు నడిచి వెళ్లిపోయారు. ఆ మాట మళ్లీ మా మధ్య ఎప్పుడూ రాలేదు. మరుసటి ఏడు నేను ఏలూరు వచ్చేశాను.

హమీదాకు అది ఎలా కనబడిందో నాకు తెలీదు. తెలుసుకునే వయసూ దాటిపోయింది. దానికంటే నన్ను ఎక్కువగా వేధించేది ఆ సాయంత్రమే. ఎక్కడి నుంచో ఒక చేప తోక మీది గాయం ఆమెకు కనబడిందే, ఆ చిన్నపిల్ల ఎందుకు కనబడలేదు? నేను ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ తండ్రి కాస్త నిమ్మళంగా నడిచి వెళ్లేవాడేమో. అప్పుడు నాకు ఆ ఆలోచన రాలేదు. నిజమే చెప్పాను.